కాటిలో రాజుగారి స్వగతం

రాత్రి రెండు గంటలు దాటింది. మా చోడవరం దగ్గర ఒక పల్లెలో అమ్మవారి పండగ. చెరకుతోటల మీదుగా చలిగాలి కొడుతోంది. చాపల మీద పిల్లలు ఎప్పుడో నిద్రపోయారు. "కాటిసీనొచ్చీసింది, లెగరా!" అని ఒక ముసలమ్మ మనవణ్ణి తట్టి లేపుతోంది. భుజాన గొంగళి, చేత కర్రతో హరిశ్చంద్రుడు రంగం మీదికి వచ్చాడు. ఎదుట ఎవరూ లేరు. తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు.

హామ్లెట్ స్వగతాల గురించి అడిగితే మా విద్యార్థులు గడగడా చెబుతారు. కాటిసీనూ స్వగతమే గదా అంటే నవ్వుతారు. అదొక పద్యాల పాటకచేరీ అని వారి అభిప్రాయం. వారిని మాత్రం ఏమనగలం!

నాటకంలోని మాటను ధనంజయుడు దశరూపకంలో మూడు విధాలుగా విడదీశాడు: అందరూ వినేది, కొందరే వినేది, ఎవరూ విననిది. ఈ మూడోదే స్వగతం. తోటి పాత్రలు వినరాదు. మనం మాత్రం వింటాం. లోకం ముందు తల వంచని మనిషి లోపల ఎక్కడ విరిగాడో మనకు తెలిసేది అప్పుడే.

బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881–1953) హరిశ్చంద్రుణ్ణే చూడండి. విశ్వామిత్రుడి ఎదుటా, వెంటపడి వేధించే నక్షత్రకుడి ఎదుటా అతడు రాజే. ఆలుబిడ్డల్ని అమ్ముకున్నప్పుడు కూడా ఆడినమాట అతడి దుఃఖానికి కట్టవేసి నిలుపుతుంది. వీరబాహుడికి అమ్ముడుపోయి, కాటికాపరియై, చితిమంటల మధ్య ఒంటరిగా నిలిచినప్పుడు ఆ కట్ట తెగుతుంది.

ఇక్కడే మన రంగస్థలం మీద ఒక వింత జరిగింది. జాషువా (1895–1971) "శ్మశానవాటి" పద్యాలు ఈ నాటకం కోసం రాసినవి కావు. నటులు వాటిని తెచ్చి ఈ ఘట్టంలో కలుపుకున్నారు. సాధారణంగా ఇలాంటి అతుకులంటే నాకు చిరాకు. కాని ఈ అతుకును విప్పమని నేననలేను. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి, అది అడుగుపెట్టలేని చోటు శ్మశానమొక్కటే అన్నాడు. ఆ మాట కాపరియైన చక్రవర్తి నోట వచ్చేసరికి, కిరీటం పోయిన తరువాత అతడికి కొత్తగా తెలిసివచ్చిన సంగతిలా వినిపిస్తుంది.

అయితే వచ్చిన చిక్కల్లా "వన్స్‌మోర్"తోనే. కడుపులోని బాధను ఎవరికీ చెప్పుకోలేని మనిషి, ఈల వినగానే సభకు నమస్కరించి, అదే పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు! రాగం మిగులుతుంది, ఒంటరితనం పోతుంది. ఆ తరువాత సాంఘిక నాటకాలు వచ్చి, ఇళ్ళలో ఎవరూ ఇలా మాట్లాడుకోరంటూ స్వగతాన్ని చాలావరకు తీసేశాయి. వంటింట్లో పోపు వేస్తూ తనలో తాను గొణుక్కునే ఇల్లాలిని ఆ రచయితలు చూడలేదు కాబోలు!

స్వగతం లేకపోతే తరువాతి ఘట్టం గతేమిటి? చంద్రమతి పాముకాటుకు చచ్చిన కొడుకును మోసుకువస్తుంది. చీకట్లో భార్యను గుర్తించక, కాపరి కాటిసుంకం అడుగుతాడు. మెడలో తాళి ఉంది కదా, అదిమ్మంటాడు. భర్తకు తప్ప మరెవరికీ కనబడని తాళి అది! అంతకుముందు అతడి ఏడుపు మనం వినకపోతే ఆ మాట రాతిగుండె మాటే. విన్నాం కనుకనే, ఇద్దరిలో ఎవరికోసం ఏడవాలో తోచదు.

ఆ రాత్రి కుర్రాళ్ళు రెండుసార్లు వన్స్‌మోర్ కొట్టారు. మూడోసారి కేక వేయబోతుంటే ముసలమ్మ వెనక్కి తిరిగి కసిరింది: "ఊరుకోండ్రా! ఆ తల్లి పిల్లణ్ణెత్తుకుని వచ్చీసింది."