సెకనులో మూడో వంతు

గోదావరికి వరద వస్తే కోనసీమ లంక గ్రామాల చెవులన్నీ భద్రాచలం వైపే ఉంటాయి. అక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ కబురు ధవళేశ్వరం దాటి లంకలకు వేళకు అందితేనే పడవలు కదులుతాయి, పశువులు గట్టెక్కుతాయి. నీళ్లు ఇంట్లోకి వచ్చాక అందిన అంకె ఎంత నిజమైనా పనికిరాదు. సరైన జవాబు గడువులోగా రావాలన్న ఈ నియమానికి కట్టుబడి నడిచేదే రియల్ టైమ్ సాఫ్ట్‌వేర్. ఆయుధాల్లో ఆ గడువు సెకనులో చిన్న ముక్క.

2023 డిసెంబరు 12న బాపట్ల దగ్గరి సూర్యలంక వాయుసేన కేంద్రంలో, అస్త్రశక్తి విన్యాసాల్లో, ఒకే ఆకాశ్ క్షిపణి ఫైరింగ్ యూనిట్ సుమారు 25 కిలోమీటర్ల దూరంలో నాలుగు లక్ష్యాలను ఒకేసారి ఛేదించింది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన ఈ క్షిపణిని భారత్ డైనమిక్స్ తయారు చేస్తోంది.

ఆ యూనిట్‌లో పనంతా ఒక్క కంప్యూటర్ చేసేది కాదు. రాడార్ లక్ష్యాలను కనిపెట్టి వెంటాడుతుంది. కంట్రోల్ సెంటర్ ఏ లక్ష్యం ఎవరి వంతో తేలుస్తుంది. లాంచర్ క్షిపణిని వదులుతుంది. ఎగిరిన క్షిపణికి నేల మీది నుంచే దారి చెబుతూ ఉండాలి. ఇలా వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లు పని పంచుకుని ఒక్కటిగా నడిచేలా చేసేదే డిస్ట్రిబ్యూటెడ్ సాఫ్ట్‌వేర్. సెకనుకు 300 మీటర్లు పోయే విమానం గురించిన కబురు సెకనులో పదో వంతు ఆలస్యమైనా, విమానం అప్పటికే 30 మీటర్లు ముందుంటుంది.

ఇంత సాఫ్ట్‌వేర్‌ను ప్రతి ఆయుధానికీ మొదటి నుంచి రాయాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే ఒకచోట పరీక్షకు నిలిచిన భాగాలను మరోచోట వాడుకుంటారు. ఖర్చు తగ్గుతుంది, పాత తప్పులు మళ్లీ దొర్లవు. అయితే ప్రతి భాగంలోనూ దాన్ని రాసినవాళ్ల ఊహలు కొన్ని దాగి ఉంటాయి. చోటు మారితే అవే ప్రాణాల మీదికి తెస్తాయి.

అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థను మొదట విమానాలను కూల్చడం కోసం, ఒక్కోచోట కొద్ది గంటలే నడుస్తుందన్న అంచనాతో కట్టారు. 1991 గల్ఫ్ యుద్ధంలో దాన్నే స్కడ్ క్షిపణుల మీదికి తిప్పి, సౌదీలోని దహ్రాన్‌లో వంద గంటలకు పైగా ఆపకుండా నడిపారు. దాని గడియారం లెక్కపెట్టే సెకనులో పదో వంతును బైనరీలో పూర్తిగా రాయడం కంప్యూటర్‌కు కుదరదు. ఆ చిన్న తేడా పోగుపడి గడియారం 0.34 సెకను తప్పింది. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా పోతుంది. ఫిబ్రవరి 25న పేట్రియాట్ దాన్ని పట్టుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది.

1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలోనే పేలిపోయింది. ఏరియాన్ 4 నుంచి తెచ్చిన భాగం కొత్త రాకెట్ వేగానికి తట్టుకోలేదు. ఆ వేగపు అంకెను ధన, ఋణ సంఖ్యలు రెండూ రాసుకునే 16 బిట్ల గడిలో పెట్టబోయారు; అందులో 32,767ను మించిన అంకె పట్టదు. బ్యాకప్ కంప్యూటర్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి అదీ ఆగిపోయింది.

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం కాలేజీల నుంచి ఏటా ఎందరో పిల్లలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతున్నారు. కోడ్ రాయడంతో పాటు, ఇతరులు రాసిన కోడ్‌ను ప్రశ్నించడమూ వాళ్లకు నేర్పాలి. ఇది ఏ యంత్రం కోసం రాశారు? ఎంతసేపు నడుస్తుందనుకున్నారు? ఎంత పెద్ద అంకె వస్తుందని లెక్కేశారు? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు లేని భాగం ఎంత పేరున్నదైనా, కొత్త చోట మళ్లీ పరీక్షించకుండా దాన్ని ఆయుధంలో పెట్టకూడదు.