ఫుట్‌బాల్ జట్టు – ఒక క్రీడాసంవత్సరం

గద్వాల సంస్థానాధీశుల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర ప్రభుత్వ డిగ్రీ కళాశాల వెలసింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల ప్రారంభమైంది. నాగర్‌కర్నూలు కూడ చుట్టుపక్కల గ్రామాల విద్యార్థులకు విద్యాకేంద్రమే. 2016 అక్టోబరు వరకు ఈ మూడు పట్టణాలూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. ఆ తరువాత ఒక్కొక్కటి ఒక్కొక్క జిల్లాకు కేంద్రమైంది. ఇక్కడి డిగ్రీ కళాశాలలు తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట దానికి అనుబంధమైనాయి. ఈ అనుబంధం పరీక్షలకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆటస్థలంలో బంతి తన్నే విద్యార్థి ఎంత దూరం వెళ్ళగలడో నిర్ణయించే మార్గం కూడ దాని గుండానే సాగుతుంది.

డిగ్రీ విద్యార్థులు మొదట అంతర కళాశాలల పోటీలలో పాల్గొంటారు. వాటిలో రాణించినవారి నుండి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు దక్షిణ మండల విశ్వవిద్యాలయాలతో తలపడి, అక్కడ అర్హత సాధిస్తే అఖిల భారత పోటీలకు వెళుతుంది. జూనియర్ కళాశాలల విద్యార్థులకు పందొమ్మిదేళ్ళ లోపు వారి విభాగంలో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు ఉంటాయి. బాలికలకు వేరుగా పోటీలు జరుగుతాయి.

ఈ పోటీలు సాధారణంగా నాకౌట్ పద్ధతిలో ఆరంభమవుతాయి. ఓడిన జట్టు వెంటనే నిష్క్రమించవలసిందే. పదహారు జట్లు పాల్గొంటే విజేతను తేల్చడానికి పదిహేను ఆటలు చాలు. కాని వాటిలో ఎనిమిది జట్లకు మొదటి ఆటే చివరి ఆట అవుతుంది. నెలల తరబడి చేసిన సాధన ఒక్క పూటలో పరీక్షకు నిలుస్తుంది. పైగా జూనియర్ కళాశాలలో రెండేళ్ళు, డిగ్రీలో మూడేళ్ళు గడవగానే ఆటగాళ్ళు వెళ్ళిపోతారు. కనుక కళాశాల జట్టును ఏటేటా మళ్ళీ నిర్మించుకోవలసి ఉంటుంది. ఆ భారం ప్రధానంగా వ్యాయామ అధ్యాపకునిదే.

అధ్యాపకుడు జట్టును ఎట్లా నిర్మించగలడో తెలియజేసే ఉత్తమ ఉదాహరణ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం. ఆయన 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. అనంతరం హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ, వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది.

రహీం బోధనలో ఆడంబరం లేదు. ఆటగాడు బంతిని తన వద్దనే ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకొంటూ పరుగెత్తడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. దానిని నిషేధించి ఆయన ప్రత్యేకంగా పోటీలు జరిపించారు. అప్పుడు బంతిని సహచరునికి అందించక తప్పదు. అందుకొనేవాడు ముందుగానే ఖాళీ స్థలానికి చేరుకోక తప్పదు. అలవాటు లేని కాలితో ఆడడం కూడ ఆయన సాధన చేయించారు. ఒక్కరి నైపుణ్యం కన్న పదకొండుమంది అవగాహన గొప్పదని ఆయన మాటలతో కాక ఆటతోనే నేర్పించారు.

ఆయన జట్లకు అపజయాలు లేకపోలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో భారత జట్టు స్వర్ణం సాధించినా, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడింది. అప్పుడు మనవారిలో పలువురు వట్టి కాళ్ళతోనే ఆడారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయినాయి. నాలుగేళ్ళకు మెల్బోర్న్‌లో అదే దేశం 4–2 తేడాతో ఆస్ట్రేలియాను ఓడించి, ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి ఆటలోనే భారత జట్టు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. అది నాకౌట్ పోటీ అయితే కథ అక్కడే ముగిసేది. లీగ్ దశ కావడం వల్ల మరొక అవకాశం మిగిలింది. థాయ్‌లాండ్‌తో ఆడినప్పుడు రక్షణశ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినాయి. రహీం అతనిని పక్కన పెట్టక ముందు వరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన అంతిమ పోటీలో లక్షమంది ప్రేక్షకులలో అత్యధికులు భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేశారు. ఆ కోలాహలం మధ్య పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. తొలి ఆటలో తమను ఓడించిన దక్షిణ కొరియానే మనవారు 2–1తో గెలిచారు. ఆ బృందంలో సికింద్రాబాదు ప్రాంతంలో పెరిగిన తులసీదాస్ బలరాం, హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ కూడ ఉన్నారు. తొమ్మిది నెలల పిమ్మట, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణపతకం లభించలేదు.

ఒక మహాశిక్షకుడు ఒక కళాశాల జట్టులో ఆటగాడుగా మొదలైనాడన్న సత్యాన్ని మరువరాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులలో అందరూ జాతీయ జట్టుకు చేరుకోలేకపోవచ్చు. చాలామంది క్రీడాసంవత్సరం మొదటి ఓటమితోనే ముగియవచ్చు. అయినా బంతిని సకాలంలో సహచరునికి అందించడం, ఓటమికి కారణం వెదకి సరిదిద్దుకోవడం, తాము నేర్చినది తరువాతి తరగతివారికి నేర్పడం వారి చేతిలోని పనులే. పతకం ఒక్క జట్టుకే దక్కుతుంది. ఈ విద్య మాత్రం ఆడిన ప్రతి జట్టుకూ దక్కుతుంది.