సీల్డు కవరులో సాక్ష్యం: ఎవరి నుంచి గోప్యం?

ప్రభుత్వానికీ ఉద్యోగికీ మధ్య తలెత్తే సర్వీసు వివాదాలను సత్వరం పరిష్కరించే నిమిత్తం 1985లో పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం వచ్చింది. ట్రిబ్యునల్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు కట్టుబడనవసరం లేదని, అయితే సహజ న్యాయసూత్రాలను అనుసరించాలని ఆ చట్టం నిర్దేశించింది. ఎదుటి పక్షం చూపుతున్న ఆధారమేమిటో తెలుసుకుని, దానికి సమాధానం చెప్పుకునే హక్కు ఈ సూత్రాలకు ఆయువుపట్టు. పత్రం రహస్యమంటూ ప్రభుత్వ పక్షం దానిని సీల్డు కవరులో న్యాయమూర్తికి మాత్రమే అందించినప్పుడల్లా ఈ హక్కు ప్రశ్నార్థకమవుతున్నది.

గోప్యత కోరడమే తప్పని అనలేము. బహిరంగ విచారణే నియమమని, న్యాయప్రయోజనాలకు అవసరమైతే రహస్య విచారణ జరిపే అధికారం కోర్టుకు ఉంటుందని 1966లో మిరాజ్‌కర్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదుదారు వివరాలను పత్రికలకు, ప్రజలకు వెల్లడించరాదన్నది. ఫిర్యాదు ప్రతి మాత్రం ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి అందవలసిందే. లోకం నుంచి దాచడం వేరు, కక్షిదారు నుంచి దాచడం వేరు.

సర్వీసు వ్యవహారాలలో ఈ విచక్షణ చాలాకాలం కొరవడింది. వార్షిక రహస్య నివేదికలోని ప్రతికూల వ్యాఖ్యలను మాత్రమే ఉద్యోగికి తెలపడం ఆనవాయితీగా ఉండేది. సరిహద్దు రహదారుల విభాగంలోని ఒక ఇంజనీరుకు ఒక ఏడాది 'గుడ్' అని రాశారు. పదోన్నతికి 'వెరీ గుడ్' ఉండాలి. మెచ్చుకోలుగా కనిపించే మాటే ఆయనకు అడ్డుగోడ అయింది. ఆ మాట రాసినట్లు ఆయనకు ఎవరూ తెలుపలేదు. ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో సుప్రీంకోర్టు ఈ కేసులో స్పష్టం చేసింది. నివేదికను పూర్తిగా ఉద్యోగికి చూపాలని 2009లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది.

అయినా కవర్ల సంప్రదాయం అంతరించలేదు. పర్మనెంట్ కమిషన్ లభించని నౌకాదళ అధికారుల కేసులో, వారికి చూపని సమాచారాన్ని సాయుధ దళాల ట్రిబ్యునల్ సీల్డు కవరులో స్వీకరించి, దానిపై ఆధారపడి నిర్ణయం వెలువరించింది. ఇది ప్రమాదకరమైన ఒరవడి అని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆక్షేపించి, కేసును మళ్లీ విచారించాలని ట్రిబ్యునల్‌కు తిప్పి పంపింది.

మలయాళ వార్తా ఛానెల్ మీడియావన్ కేసులో 2023 ఏప్రిల్ 5న వెలువడిన తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. జాతీయ భద్రత అన్న మాట ఉచ్చరించినంత మాత్రాన సహజ న్యాయం పక్కకు తప్పుకోదని, గోప్యత అవసరాన్ని ప్రభుత్వమే నిరూపించాలని సుప్రీంకోర్టు పేర్కొంది. సున్నితమైన భాగాలు తొలగించి పత్రాన్ని ఇవ్వడం, సారాంశం అందించడం వంటి మార్గాలను సూచించింది. గోప్యత అభ్యర్థనను మూసిన తలుపుల వెనుక పరిశీలించేటప్పుడు కోర్టుకు సహాయకుడిగా న్యాయవాదిని నియమించవచ్చునని, కారణాలతో కూడిన ఉత్తర్వును మాత్రం బహిరంగంగానే ఇవ్వాలని తెలిపింది.

ఈ కారణాలు బయటపడడం అప్పీలుకూ ప్రాణం. పరిపాలనా ట్రిబ్యునళ్ల నిర్ణయాలను సమీక్షించే అధికారం హైకోర్టులకు ఉన్నదని 1997లో చంద్రకుమార్ కేసు తీర్పు తేల్చింది. కారణం కవరులోనే ఉండిపోతే ఉద్యోగి దేనిని సవాలు చేయాలి? తనను ఓడించిన కాగితాన్ని కంటితో చూడని మనిషికి సమీక్ష హక్కు పేరుకే మిగులుతుంది. గోప్యత కోరిన ప్రతిసారీ, దాచేది ఎవరి నుంచి అన్న ప్రశ్నను ట్రిబ్యునల్ ముందుగా వేయవలసి ఉంటుంది.