నిషేధం నుంచి ప్రపంచకప్పు దాకా

రగ్బీ క్రీడకు రెండు శాఖలున్నాయి: పదిహేనుమంది ఆడేది యూనియన్, పదముగ్గురు ఆడేది లీగ్. 1941లో ఫ్రాన్సులోని విషీ ప్రభుత్వం రగ్బీ లీగ్‌ను నిషేధించి, దాని ఆస్తులను స్వాధీనం చేసుకుంది. యుద్ధానంతరం ఆ ఆట మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఫ్రెంచి క్రీడా సారథి పాల్ బారియేర్ పట్టుదల ఫలించి, 1954లో తొలి ప్రపంచకప్పు పోటీలు ఫ్రాన్సులోనే జరిగాయి.

బరిలో నిలిచినవి నాలుగే జట్లు: ఫ్రాన్సు, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. బ్రిటన్ హేమాహేమీలు పలువురు రాలేదు. కొత్తవారితో నిండిన ఆ జట్టుపై ఎవరూ ఆశ పెట్టుకోలేదు. అయినా డేవ్ వాలెంటైన్ నాయకత్వంలో ఆ జట్టే నవంబరు 13న పారిస్‌లో ఆతిథేయులను 16-12తో ఓడించి విశ్వవిజేత అయింది.

కప్పు చేజారినా ఫ్రాన్సుకు దక్కిన ఘనత చిన్నది కాదు. పదమూడేళ్ళ క్రితం చట్టం అణచివేసిన ఆటకు, రగ్బీ యూనియన్ కన్నా 33 ఏళ్ళు ముందుగా, ప్రపంచకప్పును సమకూర్చింది.