మారిషస్‌లో మా అత్త!

మారిషస్ అనగానే మీకు బీచిలో డ్యూయెట్లే గుర్తొస్తాయి కదూ! నేను మాత్రం చుట్టాల్ని వెతుక్కుంటూ వెళ్లాను. మా ముత్తాత చిన్నాన్న అప్పన్న చెరకుతోటల్లో కూలికని ఓడెక్కి, మళ్లీ ఊరు చూడలేదు. మోకా ఊళ్లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ల పాత రికార్డుల్లో ఆయన నెంబరూ, మా ఊరి పేరూ దొరికాయి.

పోర్ట్ లూయిస్ రేవులో ఆ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ చూశాను. 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. ఉన్నవి 16 రాతిమెట్లే, లక్షలమంది ఎక్కారు. మనవాళ్లని అక్కడ 'కోరంగీ'లనేవారట, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద!

అప్పన్న మునిమనవరాలు వరసకి నాకు అత్త. తాత పేరే వాళ్లకి ఇంటిపేరు. అత్త మాట్లాడేది క్రియోల్. తెలుగంతా రామభజనలో పాడేవరకే. కొడుకు మధ్యలో ఇంగ్లీషులో అందిస్తుంటే గంటలతరబడి కబుర్లు. చేపల పులుసు మాత్రం అచ్చం మా నాయనమ్మ చేతిదే!

"ఇంటిముందు చింతచెట్టు ఉందా?" అని అడిగించింది. నాలుగు తరాలుగా చెప్పుకుంటున్న చెట్టు! ఆ ఇల్లు మా నాన్నే అమ్మేశారు. కొన్నవాళ్లు గోడలు పడగొట్టి, చెట్టూ కొట్టేశారు. ఆవిడ మొహం చూసి, "ఉందత్తా" అనేశాను.

మొన్న కొడుకు ఫోన్ చేశాడు. వచ్చే ఉగాదికి అత్త బయల్దేరుతోందట. టిక్కెట్టు కూడా కొనేసిందట!