తోకమీది అంకెలు, కర్మాగారంలోని లెక్కలు

1955 జూలైలో మాస్కో శివార్లలోని తుషినో విమానక్షేత్రంలో సోవియట్ వైమానిక దినోత్సవం జరిగింది. పశ్చిమ దేశాలు ‘బైసన్’ అని పేరు పెట్టిన నాలుగు జెట్ ఇంజిన్ల బాంబర్, మ్యసిషెవ్ ఎం-4, గుంపులుగా అతిథుల తలలమీదుగా సాగిపోయింది. చూస్తున్నవారిలో అమెరికా దౌత్యకార్యాలయపు సైనికాధికారులూ ఉన్నారు. వారు లెక్కపెట్టుకున్న సంఖ్య వాషింగ్టన్‌కు చేరింది. ఒక్క ప్రదర్శనకే ఇన్ని వస్తే అసలు బలగం ఎంత ఉండాలి? కొన్నేళ్ళలోనే సోవియట్ల చేతిలో వందలాది దీర్ఘశ్రేణి బాంబర్లు ఉంటాయన్న అంచనాలు వెలువడ్డాయి. ‘బాంబర్ల అంతరం’ అన్న మాట 1956లో సెనేట్ విచారణల దాకా వెళ్ళింది. బి-52 ఉత్పత్తిని వేగవంతం చేశారు. ఆనాడు ఎగిరిన విమానాలే కనుచూపు దాటి, చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాయన్న కథనం తరువాత ప్రచారంలోకి వచ్చింది. చివరికి ఎం-4, దాని మెరుగైన రూపం 3ఎం కలిపి తయారైనవి వందలోపే.

విచిత్రమేమిటంటే, ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి అప్పటికి పదేళ్ళుగా వాడుకలో ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లండన్‌లోని అమెరికా దౌత్యకార్యాలయపు ఆర్థిక యుద్ధ విభాగం, పట్టుబడిన జర్మన్ సామగ్రి మీది గుర్తులను సేకరించింది. టైర్లతో మొదలుపెట్టి ట్యాంకుల గేర్‌బాక్సులు, చక్రాల అచ్చుల దాకా ప్రతి సంఖ్యనూ పట్టికలకెక్కించింది. రిచర్డ్ రగిల్స్, హెన్రీ బ్రాడీ 1947లో ఈ కృషిని వివరిస్తూ ప్రచురించిన వ్యాసంలోని పోలిక ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. 1942 ఆగస్టులో జర్మనీ ఎన్ని ట్యాంకులు తయారుచేసింది? గూఢచారుల సమాచారం ప్రకారం 1,550. వరుససంఖ్యల ప్రకారం 327. యుద్ధం ముగిశాక దొరికిన జర్మన్ దస్త్రాల ప్రకారం 342. ప్రతిసారీ గురి ఇంత సూటిగా కుదరలేదు. 1940 జూన్‌కు ఈ పద్ధతి 169 అంటే, అసలు సంఖ్య 122. అయితే అదే నెలకు గూఢచారులు చెప్పింది 1,000.

ఇందులోని గణితం హైస్కూలు స్థాయిది. ఒక కర్మాగారం 1 నుంచి వరుసగా అంకెలు వేస్తోందనుకుందాం. నాలుగు విమానాల ఫోటోలు దొరికాయి, వాటిలో అతి పెద్ద సంఖ్య 60. అసలు మొత్తం 60కి తగ్గదు, కానీ చిట్టచివరి విమానమే మన కంటబడిందనుకోవడం అత్యాశ. దొరికిన సంఖ్యల మధ్య సగటున ఎంత ఖాళీ ఉందో, పెద్ద సంఖ్యకు పైన కూడా అంతే ఖాళీ ఉంటుందన్నది ఇక్కడి తర్కం. 60ని 4తో భాగించి, వచ్చిన 15ను 60కి కలిపి, ఒకటి తీసేస్తే 74. కానీ నాలుగు ఫోటోల మీద పెట్టుకోగల నమ్మకం కొద్దిపాటిదే. అసలు సంఖ్య 127 దాకా ఉండే అవకాశాన్ని కూడా 95 శాతం ధీమాతో కొట్టిపారేయలేము. అదే పది ఫోటోలుండి, వాటిలో పెద్ద సంఖ్య 60 అయితే అంచనా 65కు దిగుతుంది, పై హద్దు 81 దగ్గర ఆగుతుంది. ఒక్క సంఖ్యను మాత్రమే చెప్పి ఈ హద్దును చెప్పని అంచనా సగం అంచనాయే.

సూత్రం సులువు. కష్టమంతా దాని వెనకనున్న ఊహల్లో ఉంది: అంకెలు వరుసగా పడుతున్నాయి, మన కంటికి ఏ విమానమైనా సమానంగా చిక్కుతుంది. మన ఊళ్ళలో కొత్త కారుకు 9999 కోసం వేలంపాటలో డబ్బు పోసేవారు ఉన్నంతకాలం, రోడ్డు మీద కనబడ్డ ఆ నంబరును బట్టి ఎన్ని కార్లు రిజిస్టరయ్యాయో చెప్పబూనడం అవివేకం. ఫోటోలదీ ఇదే చిక్కు. ప్రదర్శనకు పంపిన విమానం, కర్మాగారపు ప్రహరీ పక్కన రోడ్డు మీదినుంచి కెమెరాకు దొరికిన విమానం, ఎడారిలోని స్థావరంలో మూతబడి ఉన్న విమానం ఒకే అవకాశంతో చిక్కవు.

అంకెలు దాచుకోవడం కూడా పాత విద్యే. 1936లో బ్రిటన్ కొనుగోలు చేయబూనిన తొలి స్పిట్‌ఫైర్లకు కె 9787 నుంచి కె 9999 వరకు, ఆపై ఎల్ 1000 నుంచి ఎల్ 1096 వరకు సంఖ్యలు పడ్డాయి. కూడితే సరిగ్గా 310. శత్రువుకు కాగితం, పెన్సిలు చాలు. 1930ల చివరి నుంచి బ్రిటిష్‌వారు వరుసల మధ్య కావాలనే కొన్ని సంఖ్యలను వాడకుండా వదిలివేశారు. పెద్ద సంఖ్యను చూసి భయపడేవాడు ఆ ఖాళీలను కూడా విమానాలుగానే లెక్కిస్తాడు.

సోవియట్ విమానాల విషయంలో ముందుగా రెండు రకాల సంఖ్యలను వేరుచేయాలి. ముక్కు మీదో తోక మీదో పెద్దగా కనబడే రెండంకెల గుర్తు దళంలో వాడుకకు పెట్టింది. విమానం చేతులు మారితే అదీ మారవచ్చు. ఉత్పత్తి గురించి చెప్పేది చిన్న అక్షరాల్లో ఉండే కర్మాగారపు సంఖ్య. అందులో విడత ఒక భాగం, ఆ విడతలో స్థానం మరో భాగం. 0705 అంటే ఏడవ విడతలో అయిదవ విమానం. విడతకు పదేసి చొప్పున తయారైతే అది 65వ విమానం, అయిదేసి చొప్పున అయితే 35వది. ఒక్క ఊహ తేడాతో లెక్క దాదాపు రెట్టింపవుతుంది. దీన్ని తేల్చే దారీ ఆ ఫోటోల్లోనే ఉంది. పది విమానాలు చూసినా స్థానసంఖ్య ఒక్కసారి కూడా 5 దాటకపోతే, విడతకు పది అనుకోవడం కష్టం. అలా యాదృచ్ఛికంగా జరిగే అవకాశం వెయ్యిన్ని ఇరవై నాలుగింటిలో ఒకటి.

బైసన్ల భయాన్ని తగ్గించడంలో పై నుంచి తీసిన ఫోటోలకు పెద్ద పాత్ర ఉంది. 1956 జూలైలో యు-2 విమానాలు సోవియట్ గగనతలంలోకి వెళ్ళాయి. తొమ్మిది దీర్ఘశ్రేణి బాంబర్ స్థావరాల చిత్రాల్లో ఒక్క బైసన్ కూడా కనబడలేదు. అయితే కనబడకపోవడం లేకపోవడం కాదని వాదించడానికి వైమానిక దళానికి అవకాశం మిగిలింది. వాదన సద్దుమణగడానికి మరికొంత కాలం పట్టింది.

నేడు ఈ ఆట చైనా విమానాల చుట్టూ సాగుతోంది. అక్కడి వాయుసేన ఐదంకెల సంఖ్యల్లో మొదటి రెండు, నాలుగవ అంకె కలిసి దళాన్ని సూచిస్తాయి. మూడవది, ఐదవది కలిసి దళంలోని విమానాన్ని. 62005, 62101 అనే రెండు సంఖ్యలు కనిపించాయనుకుందాం. తెలియనివాడు వాటి మధ్య తేడా 96 అంటాడు. విప్పి చదివితే మొదటిది ఒక దళంలో 05, రెండవది అదే దళంలో 11. మధ్య తేడా ఆరు. జె-20 యుద్ధవిమానాల సంఖ్య గురించి తలకెత్తుకునే ఏ అంచనాను చదివినా, దాన్ని వేసినవారు ఏ అంకెను చదివారు, దళంలోని స్థానాన్నా లేక కర్మాగారపు వరుసనా అని ముందు చూడాలి. చాలా వార్తాకథనాల్లో ఈ తేడా చెప్పరు.