పన్నుల వేళ - ఇంటిగుట్టు

మామిడిపండ్ల కాలము వెనుకబట్టి, పిల్లల బడులు తెరచు దినములలోనే మధ్యతరగతి సంసారములందు మరియొక పని తలయెత్తును. అది ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయుట. మార్చి 31తో లెక్కల సంవత్సరము ముగియును. జీతము, పింఛను, వడ్డీ మాత్రమే ఆదాయముగా గలవారికి సాధారణముగా జూలై 31 గడువు. 1860లో జేమ్స్ విల్సన్ ఈ పన్నును మన దేశమునకు తెచ్చిన నాటినుండి దీనిని ముచ్చటపడి కట్టినవారు అరుదు. 1961 నాటి చట్టమునకు బదులు 2025 నాటి చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చుటచేత ఆ మనోభావము మారునని మాకు తోచదు. నేడు మేము ప్రస్తావింపదలచినది ఈ పన్ను పేరు చెప్పి మన చేతిలోని ఫోనులోనికి చొరబడువారిని గూర్చి.

2023 ఆగష్టులో అనేకుల ఫోనులకు ఒక సందేశము వచ్చినది. "మీకు 15,490 రూపాయల వాపసు మంజూరైనది, ఫలానా ఖాతాలో జమ కానున్నది, ఖాతా సంఖ్య సరికానిచో క్రింది లింకును తెరచి సరిదిద్దుకొనుడు" అని దాని సారాంశము. అది బూటకమని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయము ప్రకటించినది. ఆ మాటలు కూర్చినవాడు గడుసువాడు. లక్ష రూపాయలని వ్రాసియున్నచో చదువరి నవ్వి ఊరకుండెడివాడు. 15,490 అనగా నెలజీతగానికి రాదగిన మొత్తమే. అసలు గాలము ఖాతా సంఖ్యలో నున్నది. అందు చూపిన అంకెలు చదువరి ఖాతావి కావు. చూడగానే "నా సొమ్ము మరెవరి ఖాతాకో పోవుచున్నదే!" యని గుండె గుభేలుమనును. ఆశకు లొంగనివాడు సయితము ఆ భయమునకు లొంగి లింకును నొక్కును.

వాపసు సొమ్ము నిజముగా ఏ దారిన వచ్చునో ఎరిగినవానికి ఈ కంగారు కలుగదు. మనము రిటర్ను దాఖలు చేసిన 30 దినములలోపల దానిని ధ్రువపరచవలెను. పిదప అది బెంగుళూరులోని కేంద్రీకృత పరిశీలన కేంద్రమునకు చేరును. అక్కడ లెక్క తేలినపిమ్మట, మనమే ముందుగా శాఖవారి వెబ్‌సైటులో నమోదుచేసి, సరియైనదని రుజువు పరచిన బ్యాంకు ఖాతాకు సొమ్ము నేరుగా జమ యగును. ఈ దారిలో ఎక్కడను కార్డు సంఖ్య గాని, పిన్ గాని, బ్యాంకు రహస్యపదము గాని ఫోనులోనో ఉత్తరములోనో అడుగువారు లేరు. ఒకవేళ ఖాతా తప్పై సొమ్ము తిరిగిపోయినను మునిగిపోవునదేమియు లేదు. మనమే లోపలికి ప్రవేశించి, ఖాతాను సరిచేసి, మరల పంపుమని కోరవచ్చును. అనగా ఈ వ్యవహారమున నిమిషములలో తేల్చవలసిన పని ఒక్కటియు లేదు. గడువు తప్పిన రిటర్నును సయితము డిసెంబరు 31 వరకు రుసుము చెల్లించి దాఖలు చేయవచ్చును. తొందరపెట్టునది మోసగాడే.

ఆ వెబ్‌సైటు పేరు ఇన్‌కంటాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. 2021 జూన్ 7 నుండి ఇదియే వాడుకలో నున్నది. సందేశములోని లింకు నొక్కక, ఈ పేరును మన వ్రేళ్లతో మనమే టైపు చేయుట మేలు. మోసగాండ్రు ఇవే మాటలను ముందు పెట్టి, వానివెనుక మరేదో తోక తగిలింతురు. పేరు గవ్ డాట్ ఇన్ అని ముగియవలెను.

ఆశ చూపువారు కొందరైతే భయపెట్టువారు మరికొందరు. "మీకు నోటీసు వచ్చినది, నేడే చెల్లింపనిచో అరెస్టు" అని ఫోనులో గర్జింతురు. 2019 అక్టోబరు 1 నుండి శాఖవారు పంపు ప్రతి నోటీసుపైనను ఒక పత్ర గుర్తింపు సంఖ్య ఉండవలెనని నియమము ఏర్పడినది. ఆ సంఖ్య నిజమైనదో కాదో అదే వెబ్‌సైటులో ఎవరైనను పరీక్షించుకొనవచ్చును. ఇక కెమెరా యెదుట గంటల తరబడి కూర్చుండబెట్టి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించుట చట్టములో ఎక్కడను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలోనే, తమ "మన్ కీ బాత్" ప్రసంగమున ఈ సంగతి చెప్పియున్నారు.

మన తెలుగువారికి ఇందు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. అది ఇంటిపేరు. ఆధార్ కార్డుపై ఇంటిపేరు పొడి అక్షరముగా నుండును. పాన్ కార్డుపై పూర్తిగా నుండును. బ్యాంకు పుస్తకములో చివరకు పోయియుండును. వ్యక్తుల పాన్ సంఖ్యలోని అయిదవ అక్షరము ఇంటిపేరు తొలి అక్షరమే. దరఖాస్తులో ఇంటిపేరెక్కడ వ్రాయవలెనో తెలియక సొంతపేరు వ్రాసినవారును లేకపోలేదు. ఇట్లు పేర్లు పొసగనప్పుడు ఖాతా ధ్రువీకరణ నిలిచిపోవచ్చును. "మీ పేరు కలియలేదు, పాన్ ఆగిపోవును" అని మోసగాడు అన్నప్పుడు మనవారు సగము నమ్ముటకు కారణమిదియే. ఆ బాధ వారు నిజముగా పడియున్నారు. కాబట్టి వేసవిలోనే మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొని, తేడా యున్నచో సవరణకు మనమే దరఖాస్తు పెట్టుకొనవలెను. ఫోను చేసి సవరించిపెట్టు దయామయులు ఎవరును లేరు.

అపరిచితులకన్న పరిచితులవలన ఒక్కొక్కప్పుడు ఎక్కువ ముప్పు. "మీకు పెద్ద వాపసు తెప్పించెదను, అందులో నాకింత" అను మధ్యవర్తులు ఉద్యోగుల కార్యాలయములచుట్టు తిరుగుచుందురు. వారు కట్టని ఇంటి అద్దె, ఇయ్యని విరాళము చూపి లెక్క వ్రాయుదురు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇట్టి బూటకపు మినహాయింపులపై దేశమంతట తనిఖీలు జరిపినది. లెక్క తప్పని తేలినప్పుడు సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు సంతకపుదారుడే. ఆదాయమును తప్పుడు వివరములతో తగ్గించి చూపినచో దానిపై పన్నుకు రెండు రెట్లు జరిమానా పడవచ్చును. మరియొక మాట. ఈ మధ్యవర్తులలో కొందరు మన ఖాతాకు తమ ఫోను సంఖ్యనే తగిలించి వెడలుదురు. అప్పుడు అసలు నోటీసు వచ్చినను మనకు చేరదు. లోపలికి ప్రవేశించి అక్కడ ఎవరి సంఖ్య యున్నదో నేడే చూడుడు.

అదే చోట వార్షిక సమాచార వివరణ యను పట్టిక కలదు. మన పాన్ సంఖ్యపై నమోదైన జీతము, వడ్డీ, షేర్ల క్రయవిక్రయములు అందు కానవచ్చును. పనివారిచ్చు ఫారమును, బ్యాంకు వడ్డీ లెక్కను దానితో సరిచూచుటయే రిటర్నునకు తగిన సన్నాహము. మనమెరుగని పద్దు కనబడెనా, మన సంఖ్యను మరియొకడు వాడుచున్నాడేమోయని అనుమానింపవలెను. ఆ పద్దు మనది కాదని అక్కడనే తెలుపవచ్చును. మన పేర ఎవరైన అప్పు తీసికొనిరేమో తెలుపు రుణచరిత్రను ప్రతి రుణసమాచార సంస్థయు ఏడాదికొకమారు ఉచితముగా ఇయ్యవలెను.

సంఖ్యలు బయటపడు మార్గములు మనమే తెరచుచున్నాము. మేమొకమారు సాయంకాలము మిరపకాయ బజ్జీలు కొని పొట్లము విప్పగా, నూనె మరకల నడుమ ఎవరిదో ఆధార్ నకలు చిరునవ్వుతో కనబడినది! జిరాక్సు దుకాణములో చెడిన ప్రతిని చించక వదలుట, నెట్ సెంటరువాని వాట్సాపునకు కార్డులన్నియు పంపి మరచుట మనకు మామూలు. ఆధార్‌లో మొదటి 8 అంకెలు కప్పి, చివరి 4 మాత్రమే చూపు ప్రతి లభించును. చాలినచోట దానినే ఇయ్యవలెను. పూర్తి నకలు ఇయ్యక తప్పనిచో ఏ పనికై, ఏ తేదీన ఇచ్చినదియు దానిపై అడ్డముగా వ్రాయుట మంచిది.

ఇంత జాగ్రత్తలోను పొరపాటు జరుగవచ్చును. సొమ్ము పోయినదని తెలిసినవెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకువారికిని తెలుపవలెను. మోసగాడు సొమ్మును ఒక ఖాతానుండి మరియొకదానికి దాటించులోపల ఫిర్యాదు చేరినచో దానిని నిలుపుటకు వీలుండును. కావున ఆ తొలి గడియలే విలువైనవి. పెద్దలు పలువురు సిగ్గుచేత పిల్లలకు చెప్పక రెండు దినములు దాచియుంతురు. వారిని మందలింపక, ముందు ఫోను చేయుడు. 1930 అను అంకెను వంటింటి గోడమీది కాలెండరుపై ఈ రాత్రియే వ్రాసియుంచుడు.